వెదురు బొమ్మలకు చిన్న డ్రిల్లు: కొనే ముందు

భద్రాచలం అడవి అంచున పొలం పనులు తగ్గిన రోజుల్లో వెదురుతో చిన్న ఎడ్లబండ్లు, నాగళ్లు చేసి అమ్ముదామనుకొనేవారు చిన్న కరెంటు డ్రిల్లు కొనవలసి వస్తుంది. ఏది మంచిదంటారా?

కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి మెత్తని కర్ర. వెదురు అలా కాదు గదా! దాని నారంతా నిలువునే ఉంటుంది. బిట్టు వణికిందా, నారలోకి మేకులా దిగి ముక్క చీలిపోతుంది. రెండు రోజుల పని ఒక్క బెజ్జంతో పాడవుతుంది.

కనుక దుకాణంలోనే 2 మి.మీ. బిట్టు బిగించి తిప్పించండి. కొన ఒకే చుక్కగా నిలవాలి. సున్నాలాగా తిరిగితే తీసుకోకండి. వేగం తగ్గించే మీట ఉండాలి. మరీ వేగమైతే బెజ్జం మాడుతుంది. అరిగిపోయే కార్బన్ బ్రష్షులు ఖమ్మంలో దొరుకుతాయో లేదో ముందే అడగండి. చదరంలో చదరం గుర్తుంటే కరెంటు తగలకుండా రెండు పొరల రక్షణ ఉన్నట్టు.

వెంట ఒక వెదురు ముక్క తీసుకెళ్లి, కింద చెక్క పెట్టి, తొలిచి చూసే డబ్బు ఇవ్వండి. పని చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, కండువా తీసి పక్కన పెట్టండి.