హిల్డెగార్డ్ హామ్-బ్రూషర్: ఓటరుకిచ్చిన మాట

యుద్ధానంతర జర్మనీలో ప్రజాస్వామ్యాన్ని మళ్ళీ నిలబెట్టే బాధ్యత హిట్లర్ పాలనలోనే పెరిగి పెద్దయిన తరం మీద కూడా పడింది. ఆ తరంలో పిన్నవయసులోనే చట్టసభకు చేరిన స్త్రీ హిల్డెగార్డ్ హామ్-బ్రూషర్. 1921లో ఎస్సెన్ నగరంలో పుట్టి, బాల్యంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆమెను డ్రెస్డెన్‌లో పెంచిన అమ్మమ్మ, యూదు సంతతికి చెందినందున నిర్బంధ శిబిరానికి తరలించబోతుండగా 1942లో ప్రాణం తీసుకున్నారు. ఆ వంశమూలమే మనుమరాలికీ ముప్పు తెచ్చిన కాలంలో, నోబెల్ గ్రహీత అయిన రసాయన శాస్త్రజ్ఞుడు హైన్రిష్ వీలాండ్ మ్యూనిక్‌లో అండగా నిలవగా, ఆమె 1945లో డాక్టరేట్ పూర్తిచేశారు.

తరువాత పత్రికలో విజ్ఞాన విషయాలు రాస్తున్న ఆమెను రాజకీయాల వైపు ప్రోత్సహించినవారు, పశ్చిమ జర్మనీ తొలి అధ్యక్షుడు కాబోతున్న థియోడోర్ హాయిస్. 1948లో మ్యూనిక్ నగర మండలికి, 1950లో ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, ఉదారవాద పక్షమైన ఫ్రీ డెమోక్రటిక్ పార్టీ తరఫున బవేరియా శాసనసభకు ఎన్నికై, కాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలను వేరుచేసి నడిపే ప్రభుత్వ బడుల మీద ఆమె పట్టువదలని పోరు సాగించారు. 1962లో పార్టీ తన అభ్యర్థుల జాబితాలో ఆమెను పదిహేడవ స్థానంలో ఉంచగా, జాబితాలో నచ్చిన వ్యక్తికే ఓటు వేసే వీలున్న బవేరియా ఓటర్లు ఆమెను మొదటి స్థానానికి చేర్చారు. 1968లో బవేరియా రాజ్యాంగాన్ని సవరించి ఉమ్మడి బడులను నెలకొల్పేనాటికి ఆమె ఆ సభలో లేరు గాని, ఆ మార్పు వెనుక ఆమె శ్రమ ఉంది.

1976లో బుండెస్టాగ్‌కు, అంటే సమాఖ్య పార్లమెంటుకు ఎన్నికై, విదేశాంగ శాఖలో సహాయమంత్రి అయ్యారు. 1980 ఎన్నికల్లో ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్‌తో పొత్తు కొనసాగిస్తామని ప్రజలకు చెప్పిన ఆమె పార్టీ, 1982లో ఎదుటి కూటమివైపు తిరిగింది. కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకుంటేనే పాతవారిని దించగలిగే నిర్మాణాత్మక అవిశ్వాస తీర్మానం అక్టోబర్ 1న చర్చకు రాగా, ఓటర్ల తీర్పు కోరకుండా ప్రభుత్వాన్ని మార్చడం చట్టబద్ధమే అయినా నైతికంగా సరికాదని ఆమె సొంత పక్షానికి ఎదురుగా సభలో నిలిచి చెప్పారు. సభ్యులు ఎవరి ఆదేశాలకూ కట్టుబడరని, తమ అంతరాత్మకే లోబడి ఉంటారని చెప్పే రాజ్యాంగంలోని 38వ అధికరణాన్ని ఇంత నిక్కచ్చిగా ఆచరించిన సభ్యులు ఏ పార్లమెంటులోనైనా అరుదు. తీర్మానం 256–235 ఓట్లతో నెగ్గి హెల్ముట్ కోల్ ఛాన్సలర్ అయ్యారు. ఆమె 1990 వరకు సభలో కొనసాగి, 1994లో అధ్యక్ష పదవికి పోటీచేసి, యూదు వ్యతిరేక ధోరణులకు పార్టీ చోటిస్తోందన్న ఆవేదనతో 2002లో ఆ పార్టీనే విడిచిపెట్టారు.