కూలగొట్టమన్న కోట

ఫ్రాన్సు దేశం వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది పారిస్ నగరం చూచి, ఐఫెల్ గోపురం ముందు ఫోటో తీయించుకుని, అంతటితో యాత్ర ముగిసిందనుకుంటారు. దక్షిణాదికి పోయేవారు తక్కువ. ఆ దక్షిణాదిన, ఓడ్ నది ఒడ్డున, ఒక గుట్టమీద, రెండు ప్రాకారాల నడుమ ఒక పాత ఊరున్నది. పేరు కార్కసోన్. 52 బురుజులు, సుమారు 3 కిలోమీటర్ల గోడలు. చిత్రమేమంటే, 1850 ప్రాంతంలో ఆ దేశపు ప్రభుత్వమే ఈ కోట ఇక అక్కరలేదని, కూలగొట్టవచ్చునని నిశ్చయించింది. మరి ఎలా మిగిలిందంటారా? ఆ కథ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి టూలూజ్ నగరంలో విమానాలకు సంబంధించిన చదువు చదువుతున్నది. దానికి సెలవున్న రోజు చూసుకుని ముగ్గురమూ ఉదయం రైలెక్కాము. గంటసేపటి ప్రయాణం. స్టేషను ఉన్నది కింది ఊళ్ళో. బజారు వీధులన్నీ దాటి నది దగ్గరకు వచ్చేసరికి, 14వ శతాబ్దం నాటి రాతి వంతెన, దాని అవతల గుట్టమీద కోట, ఒక్కసారిగా కనిపించాయి. వంతెన మీద బళ్ళూ కార్లూ లేవు, నడిచేవాళ్ళే. కోణాకారపు టోపీలు పెట్టుకున్నట్లున్న బురుజులను చూచి మా శ్రీమతి ఆగిపోయింది.

"ఏమండీ, ఇది నిజం కోటేనా? సినిమావాళ్ళు వేసిన సెట్టింగులా ఉన్నదే!" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం అంత సులభం కాదని నాకు సాయంత్రానికి గాని తెలియలేదు.

కోటకు తూర్పున నార్బోన్ ద్వారం ఉన్నది. 1280 ప్రాంతంలో కట్టిన రెండు జంట బురుజులు దానికి కాపలా. ఆ ద్వారం దగ్గర ఒక స్త్రీ విగ్రహం ఉంటుంది. ఆమె దామ్ కార్కస్. ఆమెను గురించి అక్కడి పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటున్నది. షార్లమేన్ చక్రవర్తి ఈ కోటను ఐదేళ్ళు ముట్టడించాడట. లోపల తిండిగింజలు నిండుకున్నాయి. రాణి కార్కస్ మిగిలిన గోధుమలన్నీ ఒక పందికి తినిపించి, దాన్ని బురుజు మీదినుంచి కిందికి తోయించింది. పంది పొట్ట పగిలి గోధుమలు బయటపడ్డాయి. "పందులకే ఇంత తిండి పెడుతున్నారంటే వీళ్ళు ఇప్పట్లో లొంగరు" అనుకుని చక్రవర్తి డేరాలు ఎత్తేశాడు. అప్పుడు రాణి గంటలు మోగించింది. ఫ్రెంచిలో "కార్కస్ సోన్" అంటే కార్కస్ గంట మోగిస్తున్నదని అర్థం. కథ బాగున్నది గాని, రోమనుల నాటికే ఈ ఊరి పేరు కార్కసో! కోట లోపలి ప్రాకారంలో, అడుగు భాగాన, రాళ్ళ మధ్య ఎర్రని ఇటుకల వరుసలు కనబడతాయి. అవి రోమనుల కాలపు కట్టడానికి గుర్తు.

అసలు చరిత్రలో నవ్వు లేదు. 12వ శతాబ్దంలో ఇక్కడ ట్రాంకవెల్ వంశపు ప్రభువులు ఏలేవారు. కోటలో కోటలా ఉన్న రాజభవనం వారిదే. ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో కతార్లనే మతస్థులుండేవారు. వారి గురువులు మాంసం ముట్టరు, ఆస్తి కూడబెట్టరు. ఈ లోకాన్ని సృష్టించినది దుష్టశక్తి అని వారి నమ్మకం. రోములోని పోప్ మూడవ ఇన్నోసెంట్ వారిపై ధర్మయుద్ధం ప్రకటించాడు. 1209 జూలైలో సైన్యాలు బెజియే పట్టణంలో జనాన్ని ఊచకోత కోసి, ఆగస్టులో కార్కసోన్ మీదికి వచ్చాయి. అప్పటి ప్రభువు రేమోన్ రోజే ట్రాంకవెల్‌కు 24 ఏళ్ళు. ఆయన కతారు కాడు, కాని వారిని తన రాజ్యంలో బతకనిచ్చాడు. మండు వేసవి, కోటలో నీళ్ళు లేవు. సంధి మాటలకని బయటికి వెళ్ళిన ఆ కుర్రవాడిని పట్టి బంధించారు. ఊరి జనాన్ని కట్టుబట్టలతో వెళ్ళగొట్టారు. ఆ నవంబరులోనే ఆయన తన కోట చెరలోనే చనిపోయాడు. జబ్బుచేసి అన్నారు శత్రువులు. చంపించారన్నారు ఆయన మనుషులు. రాజ్యం సిమోన్ ద మోంఫోర్ అనే సేనానికి దక్కింది.

తరువాత 1226లో కోట ఫ్రాన్సు రాజుల వశమైంది. 1240లో ట్రాంకవెల్ కుమారుడు తండ్రి కోటను తిరిగి గెలవాలని వచ్చి ఓడిపోయాడు. అతనికి సాయపడ్డారని గోడ బయటి పేటల వాళ్ళను రాజు తరిమివేశాడు. కొన్నేళ్ళకు వారిని నది అవతల స్థిరపడనిచ్చాడు. మేము రైలు దిగిన కింది ఊరు అలా పుట్టినదే. రెండవ ప్రాకారం లేచినదీ ఆ శతాబ్దంలోనే. ఇంచుమించు అదే కాలంలో మన ఓరుగల్లులో గణపతిదేవుడు తలపెట్టిన రాతికోటను రుద్రమదేవి పూర్తి చేయించింది.

ఇంత కోటకూ పని పోయింది ఒక కాగితం వల్ల. 1659లో ఫ్రాన్సుకూ స్పెయిన్‌కూ కుదిరిన పిరనీస్ సంధితో సరిహద్దు దక్షిణానికి జరిగింది. సరిహద్దు లేనిచోట కాపలా ఎందుకు? ఉన్ని బట్టల వ్యాపారంతో కింది ఊరు ధనవంతమైంది. పై ఊరు బీదవారికి మిగిలింది. రెండు ప్రాకారాల నడుమ ఖాళీ జాగాలో నేతగాళ్ళు కోటగోడనే తమ ఇంటికి ఒక గోడగా చేసుకుని గుడిసెలు వేసుకున్నారు. కావలసినవాళ్ళు బురుజుల రాళ్ళు ఊడదీసి పట్టుకుపోయారు. ఆ స్థితిలో వచ్చింది కూలగొట్టవచ్చుననే ఉత్తరువు.

అప్పుడు అడ్డుపడినవాడు రాజూ కాదు, సేనానీ కాదు. జాన్ పియేర్ క్రో మేర్వియేయ్ అని ఆ ఊరివాడే, చరిత్ర మీద మమకారం గలవాడు. అర్జీల మీద అర్జీలు పెట్టాడు. పురాతన కట్టడాల తనిఖీ అధికారి, ప్రసిద్ధ కథకుడు ప్రోస్పెర్ మెరిమే కూడా ఆయన పక్షాన నిలిచాడు. ప్రభుత్వం ఉత్తరువు వెనక్కి తీసుకున్నది. 1853 నుంచి వాస్తుశిల్పి వియోలె ల దూక్ మరమ్మతులు మొదలుపెట్టి, 1879లో చనిపోయేదాకా సాగించాడు. ఆయన తరువాత పాల్ బోస్విల్వాల్డ్ అందుకున్నాడు. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

ఇక మా శ్రీమతి ప్రశ్న. ఆ కోణాకారపు టోపీలు పెట్టించినది వియోలె ల దూక్. పెంకుటిళ్ళ దేశమైన దక్షిణాదిలో, ఉత్తరాది పద్ధతిలో నల్లని పలకరాళ్ళు కప్పించాడని ఆనాడే పండితులు మండిపడ్డారు. తరువాత కొన్ని బురుజులకు పలకలు తీసి పెంకులు వేశారు కూడా. అంటే గోడ పాతది, పైన తల కొత్తది. మరి దొంగదందామా? పారిస్ నోత్రదామ్ చర్చి శిఖరం కూడా ఈయన పెట్టించినదే. 2019లో అది కాలి కూలితే దేశమంతా కన్నీరు పెట్టింది. మళ్ళీ ఆయన గీసిన తీరునే కట్టి, 2024 డిసెంబరులో చర్చి తలుపులు తెరిచారు. నూరేళ్ళు కళ్ళెదుట ఉంటే కొత్తదీ పాతదే అవుతుంది కాబోలు. ఆ టోపీలు లేకపోతే ఇంతమంది వచ్చేవారా, ఇంతమంది రాకపోతే గోడలు మిగిలేవా అని కూడా ఆలోచించాలి.

మధ్యాహ్నం భోజనానికి ఆ ఊరి ప్రసిద్ధ వంటకం కసులే. తెల్లని చిక్కుడు గింజలు, మాంసం కలిపి మట్టిపాత్రలో గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికిస్తారు. నేనూ అమ్మాయీ తిన్నాము. శాకాహారి అయిన మా శ్రీమతికి రొట్టె, జున్ను, ద్రాక్షపళ్ళే గతి. "పంది గోడమీద నుంచి పడ్డా, పాత్రలో పడ్డా ఈ ఊరికి అదే దిక్కు" అని ఆవిడ విసిరిన మాటకు అమ్మాయి పొలమారేటట్లు నవ్వింది.

తరువాత సెయింట్ నజేర్ చర్చి చూచాము. ముందుభాగం చీకటిగా, బరువైన రాతి కమానులతో ఉంటుంది. నాలుగడుగులు వేసి గర్భాలయం వైపు వెళితే రంగు అద్దాల కిటికీల గుండా ఎండ నీలంగా, ఎర్రగా నేలమీద పరుచుకుంటుంది. మా శ్రీమతి అక్కడ అరగంట కూర్చున్నది. సెట్టింగు మాట మళ్ళీ ఎత్తలేదు.

చివరగా రెండు ప్రాకారాల మధ్య నడిచాము. ఇప్పుడక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. మరమ్మతుల సందర్భంలో కోట కోటలా కనబడాలని నేతగాళ్ళ ఇళ్ళన్నీ ఖాళీ చేయించి తీసివేశారు. కోటను కాపాడిన క్రో మేర్వియేయ్ పేరు లోపలి వీధికి పెట్టుకున్నారు, ఉచితమే. కాని పాలకులు వదిలేసిన గోడల నీడలో రెండు శతాబ్దాలు మగ్గాలు ఆడించినవారి గుర్తు ఒక్కటీ నాకు కనబడలేదు.

ఏటా లక్షల మంది వచ్చిపోయే ఆ ప్రాకారాల లోపల ఇప్పుడు కాపురముంటున్నది కొన్ని పదుల మందే. సాయంత్రం దుకాణాలు మూసి యాత్రికులు వెళ్ళిపోయాక, ఒక సందులో పై అంతస్తు కిటికీ తెరుచుకున్నది. ఒక ముసలావిడ పూలకుండీకి నీళ్ళు పోసి, మమ్మల్ని చూచి తల ఊపి, కిటికీ మూసుకున్నది.