కంటి వెలుగు మెదడునకు చేరు విధము

మెదక్ పట్టణములోని పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. మిట్టమధ్యాహ్నపు ఎండలోనుండి దానిలోనికి అడుగిడినవారికి మొదట ఏమియు స్పష్టముగా కానరాదు. కొంతసేపటికి స్తంభములు, నేలమీది పలకలు, ఎదుటివారి ముఖములు క్రమముగా తేటపడును. లోపలి వెలుతురు మారలేదు; మారినది మన కన్నే. ఈ మార్పు ఎట్లు జరుగునో, ఆ వార్త మెదడునకు ఎట్లు చేరునో పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది. ఏలయన, పొద్దుగూకగానే తడబడి నడచు బిడ్డ కష్టము దీనితోనే ముడివడి యున్నది.

రెండు తెగల కణములు

కనుగ్రుడ్డు లోపల వెనుకవైపున పలుచని పొర యొకటి కలదు. దానిని నేత్రపటలమందురు. అందు కాంతిని గ్రహించు కణములు రెండు తెగలు. శంకుకణములు సుమారు 60 లక్షలు. ఇవి మంచి వెలుతురులో రంగులను, సూక్ష్మ వివరములను చూపును. కడ్డీకణములు సుమారు 12 కోట్లు; ఇవి రంగు నెరుగవు గాని మసక వెలుతురులో పనిచేయును. ఎండనుండి చీకటిలోనికి వచ్చినపుడు శంకుకణములు సుమారు 10 నిమిషములలో సర్దుకొనును. కడ్డీకణములకు అరగంట వరకు పట్టును.

మౌనమే వార్త

కాంతి సోకగానే ఈ కణములు మేల్కొని కబురు పంపునని తోచవచ్చును. నిజము దీనికి విరుద్ధము. చీకటిలోనే ఇవి గ్లుటమేట్ అను రసాయనమును ఎడతెగక విడుచుచుండును. కాంతి సోకినపుడు ఆ విడుదల తగ్గును. రాత్రియంతయు కేకవేయుచు తిరుగు కావలికారు ఒక్కసారిగా కేక మానినచో, ఏదో జరిగినదని ఊరివారు లేచి కూర్చుందురు గదా! ఇదియు అట్టిదే.

కడ్డీకణములో రొడాప్సిన్ అను పదార్థము కలదు. ఒక మాంసకృత్తును, ఎ విటమిన్ నుండి తయారగు రెటినల్ అను పదార్థమును కలిసి ఇది ఏర్పడును. కాంతి సోకగానే రెటినల్ వంపు విడిచి నిటారగును. అందువలన కొన్ని రసాయనిక చర్యలు వరుసగా జరిగి, సోడియము లోనికి వచ్చు ద్వారములు మూసికొనును. కణములోని విద్యుత్ స్థితి మారి గ్లుటమేట్ విడుదల తగ్గును. ఎ విటమినునకు, చూపునకు గల సంబంధమును వెల్లడించిన జార్జ్ వాల్డ్ అను శాస్త్రజ్ఞుడు 1967లో నోబెల్ బహుమానమును పంచుకొనెను.

ఈ మార్పును అందుకొనునవి ద్విధ్రువ కణములు. వీనిలో ఒక తెగ గ్లుటమేట్ తగ్గగానే ఉత్తేజము పొంది వెలుతురు వచ్చినదని తెలుపును. మరియొక తెగ గ్లుటమేట్ పెరిగినపుడు ఉత్తేజము పొంది చీకటి పడినదని తెలుపును. పిమ్మట వార్త నాడీగండ కణములకు చేరి, వాని తంతువులతో ఏర్పడిన దృక్ నాడి ద్వారా మెదడునకు పోవును. ఒక్కొక్క కంటినుండి పోవు తంతువులు సుమారు 10 లక్షలు మాత్రమే. కావున వార్డుల అర్జీలను క్రోడీకరించి పంచాయతీ ఒక తీర్మానముగా పైకి పంపినట్లు, నేత్రపటలము కూడ సారమునే పంపును.

రేచీకటి

ఎ విటమిన్ కొరవడినచో రొడాప్సిన్ తగినంత తయారు కాదు. మసక వెలుతురు ఉన్నను కడ్డీకణములు దానిని గ్రహింపజాలక చీకటి కబురే పంపుచుండును. ఇదియే రేచీకటి. పగలు చక్కగా ఆడుకొను బిడ్డ మునిమాపువేళ గడప తట్టుకొని పడును. కంచములోని అన్నమును తడిమి వెదకును. పెంకెతనమని కోపించుట తగదు. ఈ దశలో ఎ విటమిన్ ఇచ్చినచో కొలది దినములలోనే చూపు కుదుటపడును. అశ్రద్ధ చేసినచో కన్ను పొడిబారి, నల్లగ్రుడ్డుపై పొర కరగి, చూపు శాశ్వతముగా పోవచ్చును.

ఈ ప్రమాదమును నివారించుటకై పిల్లలకు ఎ విటమిన్ ఇచ్చు జాతీయ కార్యక్రమము 1970లో ప్రారంభమైనది. బిడ్డకు 9వ నెలలో లక్ష యూనిట్లు, పదునారవ నెలనుండి 5 సంవత్సరములు నిండువరకు ఆరు నెలల కొకసారి 2 లక్షల యూనిట్లు ఇయ్యవలెను. మోతాదు మించరాదు గనుక ఆరోగ్య కార్యకర్త ద్వారానే ఇప్పింపవలెను.

సభ్యుల కర్తవ్యము

2018 ఆగస్టు 15న కంటి వెలుగు కార్యక్రమము మెదక్ జిల్లాలోని మల్కాపూర్ గ్రామమునందే ప్రారంభమైనది. ఊరూర శిబిరములు జరిపి, కన్నులు పరీక్షించి, అద్దములు పంచిరి. అద్దములు కాంతిని నేత్రపటలముపై సరిగా పడునట్లు చేయును. నశించిన కణములను మాత్రము అవి తిరిగి తేలేవు. మధుమేహము గలవారు చూపు బాగుగానే ఉన్నను సంవత్సరమునకొకసారి నేత్రపటలమును పరీక్ష చేయించుకొనవలెను.

ప్రతి సభ్యుడును, సభ్యురాలును తమ వార్డులోని తల్లులను ఈ ఒక్క ప్రశ్న అడుగవలెను: "పొద్దుగూకిన తరువాత బిడ్డ తడబడుచున్నదా?" అవునన్నచో ఆ బిడ్డను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపించవలెను. అంగన్‌వాడీ జాబితాలో మోతాదు తప్పిన పిల్లలెవరో విచారింపవలెను. పెరళ్ళలో మునగ, బొప్పాయి నాటించి, ఆకుకూరలను కొంచెము నూనెతో వండుటను ప్రోత్సహింపవలెను. పసిబిడ్డ తన కష్టమును చెప్పుకొనలేదు. దానిని ముందుగా కనిపెట్టుట పెద్దల విధి.