జేబులో మూడంగుళాలు

*చలికాలంలో కొండదారి పట్టేవాళ్ల జేబులో ఒక చిన్న మడతచాకు ఉంటుంది. అది ఎప్పటిదాకా పనిముట్టు, ఎక్కడ ఆయుధమవుతుంది? చాకుల ఊరు షెఫీల్డ్‌లో ఈ ప్రశ్నకు జవాబు కొలతబద్దతో మొదలవుతుంది.*

‘‘చలికాలం సంచిక. కొండల్లో నడిచేవాళ్లు జేబులో పెట్టుకునే పాతకాలపు మడతచాకు మీద ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి’’ అన్నారు ఎడిటర్ గారు.

చాకులంటే ముందు గుర్తొచ్చేది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్. మా పిన్ని కొడుకు చాన్నాళ్లుగా అక్కడే ఉంటున్నాడు. ఆదివారమైతే భార్యాపిల్లలతో పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో నడకకు వెళ్తాడు. ఏ కంపెనీ చాకు మంచిదో చెబుతాడనుకుని ఫోన్ చేశాను. ‘‘అన్నయ్యా, చాకు సంగతి తర్వాత. ముందు సెక్షన్ 139 చదువు. ఇక్కడ మేం చాకు కొనేముందు చూసుకునేది దాన్నే’’ అన్నాడు.

చదివాను. ఆ తర్వాత ఈ వారమంతా నా మనసు ఆ సెక్షన్ మీదే ఉంది.

1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టంలోనిది అది. జనం తిరిగే చోట బ్లేడు గానీ, పదునైన మొన గానీ ఉన్న వస్తువును వెంట ఉంచుకోవడమే నేరమంటుంది. ఎవరినీ పొడవక్కర్లేదు, బెదిరించక్కర్లేదు, దగ్గరుంటే చాలు. ఆ వెంటనే ఒక మినహాయింపు ఇస్తుంది: జేబులో పెట్టుకునే మడతచాకుకు ఇది వర్తించదు. మరుసటి వాక్యంలో ఆ మినహాయింపుకూ హద్దు గీస్తుంది: కోసే అంచు మూడంగుళాలు దాటకూడదు. అంటే 7.62 సెంటీమీటర్లు.

అంతకంటే పెద్ద చాకు దొరికితే, దాన్ని తీసుకెళ్లడానికి సరైన కారణం ఉందని చూపించుకోవాల్సిన బాధ్యత దాన్ని పట్టుకున్నవారిదే. పని కోసం, మతాచారం కోసం, జాతీయ వేషధారణలో భాగంగా అని మూడు కారణాలను చట్టమే పేర్కొంది. సిక్కుల కిర్పాన్‌కు దారి రెండోదాంట్లో ఉంది. మొదట్లో ఈ నేరానికి జరిమానాయే. 1996లో రెండేళ్ల దాకా జైలన్నారు. 2006 చట్టంతో అది నాలుగేళ్లకు పెరిగింది. కత్తిపోట్లకు పిల్లలను పోగొట్టుకున్న కుటుంబాలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి. శిక్షలు పెరగడం వెనక ఉన్నది ఆ దుఃఖం. దాన్ని మరిచి చాకు అందచందాల గురించి రాయడం నాకు చేతకాదు.

చట్టంలో లేని ముక్క ఒకటి కోర్టులో తేలింది. తెరవగానే బ్లేడు బిగుసుకుపోయి, బొత్తం నొక్కితే తప్ప మడవలేని చాకులుంటాయి. వాటిని లాక్ నైఫ్‌లంటారు. అదీ మడతచాకే కదా అని వాదిస్తే కోర్టు ఒప్పుకోలేదు. ఏ క్షణంలోనైనా, మరే మీటా నొక్కకుండా, మడిస్తే మడతపడాలి. అప్పుడే మినహాయింపు అంది. 1993 లా రిపోర్టుల్లో హారిస్ కేసుగా కనిపించే తీర్పు ఇది. ఆ తర్వాత పైకోర్టు కూడా ఇదే దారిలో నడిచింది. కాబట్టి లాక్ ఉన్న చాకు రెండంగుళాలదైనా మినహాయింపు లేదు.

మొదటిసారి చదివితే ఇది తలకిందులుగా అనిపిస్తుంది. లాక్ అన్నది వేళ్లు తెగకుండా పెట్టినది కదా! కానీ పాతకాలపు మడతచాకు ఎలా పనిచేస్తుందో చూస్తే, చట్టం ఎక్కడ గీత గీసిందో అర్థమవుతుంది. ఆ చాకు వీపున ఒక ఉక్కు పట్టీ ఉంటుంది, అదే స్ప్రింగు. బ్లేడు మొదలును అది నొక్కిపట్టి ఉంచుతుంది. తెరిస్తే టక్కున నిలుస్తుంది, మూస్తే టక్కున లోపలికి పోతుంది. యాపిల్ కోసేటప్పుడు పండు అంచును వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడుకు బ్లేడు ఇంకా తెరుచుకునే వైపే ఒరుగుతుంది, కాబట్టి గట్టిగా నిలబడుతుంది. అదే మొనతో గుచ్చబోతే, బ్లేడు పక్కదారి పట్టి కోసేవాడి వేళ్ల మీదికే మడతపడొచ్చు. కోతకు నమ్మకంగా నిలిచి పోటుకు నిలవని పనిముట్టు అది. లాక్ లేకపోవడాన్ని లోపమనే ఔత్సాహికులు చాలామంది ఉన్నారు. నాకు అందులోనే దాని మంచితనం కనిపించింది.

దుకాణాల్లో ‘సర్వైవల్’ పేరుతో అమ్మే బారెడు కత్తులు చూస్తే నాకు నమ్మకం కలగదు. సాయంత్రానికి ఇల్లు చేరే నడకలో చాకుతో పడే పని ఏమిటి? మా తమ్ముణ్ని అడిగితే చెప్పాడు: బ్రెడ్డు, చీజ్ కోయడం, ముడిపడిపోయిన బూటు తాడు తెంచడం, బ్యాగుకు వేలాడే దారం కత్తిరించడం, ఇండియన్ షాపులో కొన్న జామకాయను నాలుగు చెక్కలు చేసి పిల్లలకు ఉప్పూకారం అద్ది ఇవ్వడం. వీటిలో దేనికీ మూడంగుళాలు మించిన ఉక్కు అక్కర్లేదు.

ఇంకో మాట కూడా అన్నాడు, అది నాకు బాగా పట్టింది. ‘‘అన్నయ్యా, నడక కొండ మీద మొదలవదు. ఇంట్లోంచి ట్రామ్, ట్రామ్ దిగితే స్టేషన్, అక్కణ్నుంచి ఈడేల్ రైలు. కొండ మీద నా జేబులో ఉన్న చాకు అంతకు ముందు ఊరి నడిబొడ్డులోనూ నా జేబులోనే ఉంటుంది. కొండ మీద కారణం చెప్పొచ్చు. సోమవారం ఆఫీసుకెళ్లే బ్యాగులో అదే చాకు ఉండిపోతే ఏం చెప్తాను?’’ మరిచిపోయాననడం ఒక్కటే సరైన కారణం కాదని అక్కడి కోర్టులు చెప్పాయి. అందుకే అతను ఏ రోజైనా, ఏ సందులోనైనా కారణం చెప్పనక్కర్లేని చాకునే ఎంచుకున్నాడు. అయితే ఆ చిన్న చాకునైనా ‘ఆత్మరక్షణ కోసం’ అని పెట్టుకుంటే 1953 నాటి మరో చట్టం కింద అది ఆయుధమే. అక్కడికి చదువుకు వెళ్లే మన పిల్లలకు ముందుగా చెప్పవలసిన మాట ఇది.

చరిత్రకు మిగిలిన జాగా కొంచెమే. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో క్రీస్తుకు పూర్వం నాటి మడతచాకు దొరికింది, రోమన్లూ వాడారు. షెఫీల్డ్‌లో 1297 నాటి పన్ను పత్రంలోనే ఒక కత్తులవాడి పేరుంది, 1624లో కత్తులవాళ్ల సంఘానికి చట్టబద్ధత వచ్చింది. వాగుల నీటితో సానరాళ్లు తిరిగాయి. ఆ రాళ్లలో కొన్ని పీక్ డిస్ట్రిక్ట్ గరుకు ఇసుకరాతివి. స్టానేజ్ ఎడ్జ్ కొండచరియ కింద, చెక్కి వదిలేసిన తిరగలిరాళ్లు నడిచేవాళ్లకు ఇప్పటికీ కనిపిస్తాయి. సానరాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడై ఎందరో పనివాళ్లు నడివయసు రాకుండానే పోయారు. 1851 లండన్ మహా ప్రదర్శన కోసం జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ 75 బ్లేడ్ల చాకును చేయించింది. 1890లో ఫ్రాన్స్‌లోని సవాయ్ కొండల్లో ఒపినెల్, 1891లో స్విట్జర్లాండ్‌లో సైనికుల చాకు వచ్చాయి.

షెఫీల్డ్‌లో సొంత గది, సొంత పనిముట్లతో ఒంటరిగా చాకులు చేసేవాళ్లను లిటిల్ మెస్టర్స్ అనేవారు. ఆ తరంలో చివరివాడిగా అందరూ చెప్పుకున్న స్టాన్ షా 1926లో పుట్టి, 2021లో కన్నుమూశారు. పిల్లవాడిగా పనిలో చేరి ఏడు దశాబ్దాలకు పైగా స్ప్రింగు చాకులే చేశారు. అలాంటి చాకుల పిడులకు మన దేశంతో బంధం ఉంది. పైన గరుకుగా, గోధుమరంగు చారలతో ఉండే మేలైన పిడి మన అడవుల్లో రాలిన కణుజు కొమ్ములతో చేసేవారు. 1990ల చివర్లో భారత ప్రభుత్వం కొమ్ముల ఎగుమతిని నిషేధించింది. అప్పటి నుంచి పాత నిల్వలే ఆధారం కావడంతో ఆ పిడికి ధర పెరిగిపోయింది. నిషేధం సరైనదే. కొమ్ము కోసం జింకను చంపేవాడికీ, రాలినదాన్ని ఏరుకునేవాడికీ తేడాను ఎగుమతి పెట్టెలో కనిపెట్టలేం.

ఒపినెల్ అంకెలు

జోసెఫ్ ఒపినెల్ తన చాకులకు పరిమాణాన్ని బట్టి అంకెలు వేశాడు. బీచ్ చెక్క పిడి, ఒక బ్లేడు, అంతే నిర్మాణం. 1955లో కంపెనీ దానికి తిరిగే ఉంగరం చేర్చింది. ఉంగరం తిప్పితే బ్లేడు మడతపడదు. ఫ్రెంచి కొండవాళ్ల వేళ్లను కాపాడిన ఉంగరమే ఇంగ్లండ్‌లో అదే చాకును మినహాయింపు నుంచి తప్పించింది. ఇప్పుడు 6వ నంబరు నుంచి పైవాటికి ఉంగరం ఉంటుంది. అందులో 6వ నంబరు బ్లేడు 7 సెంటీమీటర్లే, కొలతకు సరిపోతుంది, అయినా లాక్ వల్ల పనికిరాదు. 5వ నంబరుకు 6 సెంటీమీటర్ల బ్లేడు, ఉంగరం లేదు. కాబట్టి అది నిక్షేపంగా జేబులో పెట్టుకోవచ్చు.

ఈ చాకుకు చలికాలంలో ఒక చిక్కుంది. మంచు తడికి చెక్క ఉబ్బి బ్లేడును బిగపట్టేస్తుంది, గోటితో లాగినా రాదు. సవాయ్‌వాళ్లు పిడి చివరను గట్టి చెక్క మీదో, రాతి మీదో తడతారు. ఆ దెబ్బకు బ్లేడు కొద్దిగా బయటికొస్తుంది. అప్పుడు పట్టుకుని తెరవచ్చు.

చలిలో జాగ్రత్తలు

మొద్దుబారిన వేళ్లతో లాక్ లేని చాకు తెరవకూడదు. గ్లౌజు తీసి, చేతులు చంకల్లో వెచ్చబెట్టుకుని, కూర్చున్నాకే తెరవాలి. నడుస్తూ కోయకూడదు. మొనతో గుచ్చి తిప్పే పని అసలు పెట్టుకోకూడదు. మూసేటప్పుడు వేళ్లు బ్లేడు పడే గాడికి దూరంగా ఉండాలి. కార్బన్ ఉక్కు బ్లేడు చక్కగా పదునెక్కుతుంది కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. పండు కోసిన వెంటనే తుడిచి, ఇంటికొచ్చాక ఒక చుక్క నూనె రాయాలి. నారింజ, నిమ్మ రసాలకు బ్లేడు నల్లబడుతుంది. అది తుప్పు కాదు, తోమి పోగొట్టనక్కర్లేదు.

మన దగ్గర

లంబసింగి, అరకు దారుల్లో నడిచేవాళ్లకు మన చట్టం ఇంత ఇరుకు కాదు. ఆయుధాల నిబంధనల్లో ఆయుధాలుగా లెక్కకొచ్చేవి 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్నవి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి ఆ లెక్క లేదు. విశాఖకు విమానంలో వెళ్లేవాళ్లు మాత్రం చాకును చేతిసంచిలో పెట్టుకోకుండా, విమానం అడుగున వేసే పెట్టెలో సర్దుకోవాలి.