కనబడని మంచినీటి తొట్టి

ఇంటిలో కంటికి కనబడు వస్తువును శుభ్రపరచుట ఎవ్వరును మరువరు. వాకిలి ఊడ్తురు, పాత్రలు తోముదురు, బిడ్డకు తలంటుదురు. కాని ఆ బిడ్డ త్రాగు నీరు నిలువయుండు తొట్టి నేలక్రింద దాగియున్నచో, దానిని సంవత్సరముల తరబడి ఎవ్వరును తలపరు. బళ్ళారిలో సంపు అని మనము పిలుచు ఈ నేలతొట్టిని గూర్చి తల్లిదండ్రులకు కొన్ని సంగతులు విన్నవింపదలచితిమి. బాలబాలికలు పగటివేళ బడిలో నీరు త్రాగినను, తక్కిన వేళలందు ఇంటి నీరే వారికి ఆధారము.

మనది వర్షము తక్కువగల సీమ. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువల నీరు ఈ ప్రాంతమునకు గొప్ప ఆదరువైనది. ఐనను కుళాయి నీరు నిత్యము రానిచోట, వచ్చిన దినముననే నింపి దాచుకొనక తప్పదు. అందుచేతనే ఇంటింట సంపు వెలసినది. కట్టిన నాడు అది పెరటిలో అందరికిని కనబడుచునే యుండును. పిదప ఇల్లు పెరుగును, పెరడు వంటగది యగును, మూతపై కడప బండలు పరచుదురు. తొట్టి ఎక్కడనున్నదో ఎరిగిన పెద్దలు కాలము చేయుదురు.

మేమెరిగిన ఒక ఇంటిలో ఇట్లే జరిగినది. పిల్లలకు మాటిమాటికి విరేచనములు పట్టుకొనుచుండెను. ఇంటివారు మిద్దెపై తొట్టిని కడిగించిరి, నీటిని వడగట్టు యంత్రమును మార్చిరి. గుణము కనబడలేదు. తుదకు ధాన్యపు డబ్బాలు జరిపి, వాటి క్రింది బండ నెత్తి చూడగా, సంపు అడుగున జానెడు బురదయు, గోడ పగులు గుండా చొచ్చిన చెట్టు వేళ్ళును కనబడినవి. తప్పు ఎవ్వరి అశ్రద్ధయు కాదు. తొట్టికి దారి లేకపోవుటయే తప్పు.

ఈ చిక్కు మన ఇండ్లకే పరిమితము కాదు. పాశ్చాత్య దేశములలో పడకయు, వంటగదియు గల మోటారు బండ్లు కలవు. పాత బండ్లలో మంచినీటి తొట్టి పడక క్రిందనో, అరల వెనుకనో మరుగుపడియుండును. అట్టి బండి కొన్నవారు నీరు నింపు గొట్టము వెంబడి వెదకుచు పోయి, అడ్డుపలక విప్పి తొట్టిని చేరుదురు. ఇండ్లకును ఇదే ఉపాయము: గొట్టమును అనుసరింపవలెను.

వీధి నుండి వచ్చు కుళాయి గొట్టము ఎచ్చట నేలలోనికి దిగుచున్నదో మొదట చూడవలెను. పిదప మోటారు నుండి క్రిందికి పోవు పీల్చుగొట్టమును చూడవలెను. ఈ రెండును సాధారణముగా సంపు ఉన్న చోటికే త్రోవ చూపును. ఆ తావున బండలను కర్రతో మెల్లగా తట్టినచో, గట్టినేలపై మొద్దు ధ్వనియు, తొట్టిపై డొల్ల ధ్వనియు వినబడును. నీరు వచ్చు దినమున నేలకు చెవి యానించినచో, నీరు పడు శబ్దమును వినవచ్చును. ఇల్లు కట్టిన మేస్త్రీ యున్నచో అతని నడుగుట అన్నిటికంటె సులభము.

చోటు తెలిసిన పిమ్మట తొందర పనికిరాదు. మోటారునకు విద్యుత్తు పూర్తిగా ఆపవలెను. బండ అంచుల సిమెంటు తొలగించి, ఇద్దరు మనుష్యులు గునపములతో బండను లేవనెత్తవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను. ఇచ్చట మేము గట్టిగా హెచ్చరింపవలసిన విషయ మొకటి కలదు. చిరకాలము మూసియున్న తొట్టిలో ప్రాణవాయువు తగ్గియుండవచ్చును. కుళ్ళిన పదార్థముల వలన పుట్టిన విషవాయువులు నిలిచియుండవచ్చును. అవి కంటికి కనబడవు. కొన్నిటికి వాసనయు నుండదు. దీపము దించి అది వెలుగుచున్నది గనుక భయము లేదనుకొనుట పొరపాటు. వీలైనంత వరకు లోనికి దిగకుండ, మోటారుతో నీరు తోడించి, పొడవైన కర్రకు కట్టిన బ్రష్షుతో పైనుండియే తోమవలెను. దిగక తప్పనిచో, గాలిని పరీక్షించు సాధనములు గల అనుభవజ్ఞులనే పిలిపింపవలెను. దిగినవానికి త్రాడు కట్టి, పైన మనిషి కాపుండవలెను. లోనివాడు స్పృహ తప్పినచో, రక్షించుటకై మరియొకడు దుముకరాదు. అట్లు దుమికి ఇరువురును ప్రాణములు కోల్పోయిన సంఘటనలు దేశమున అనేకము. నూనెతో నడచు ఇంజనును తొట్టిలోనికి దింపరాదు. దాని పొగ ప్రాణాంతకము.

బురద తీసి, గోడలు తోమి, ఆ నీటిని పూర్తిగా బయట పారబోసిన పిమ్మట, గోడలను పరిశీలింపవలెను. ఖాళీ తొట్టిలోనికి చెమ్మ ఊరుచున్నచో, బయటి మురికినీరు సైతము అదే మార్గమున వచ్చునని గ్రహించి, పగుళ్ళు పూడ్పింపవలెను. మరుగుదొడ్డి గుంట సమీపమున నున్న సంపునకు ఈ జాగ్రత్త మరింత ముఖ్యము.

మరల నీరు నింపిన తరువాత క్రిములను చంపుటకు బ్లీచింగు పొడి చాలును. మొదట తొట్టి కొలత తెలియవలెను. పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో గుణించి, వచ్చిన దానిని 1,000తో గుణించినచో లీటర్లు వచ్చును. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు గల తొట్టి 4,500 లీటర్లు పట్టును. 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి పొడి చొప్పున, ఈ తొట్టికి 11 గ్రాములు కావలెను. పొడిని ఒక బక్కెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగంటిన పిదప, పైతేటను మాత్రము సంపులో పోయవలెను. గంట సేపు ఆగి నీరు వాడుకొనవచ్చును. ఈ లెక్క పెద్ద తరగతుల పిల్లలచే చేయించినచో, గణితమునకు ప్రయోజనమేమో వారికే బోధపడును.

ఐతే బ్లీచింగు పొడి క్రిములనే చంపును గాని, ఫ్లోరైడును తొలగింపదు. కాచుట చేతను అది పోదు. మన జిల్లాలో కొన్ని తావుల బోరునీటియందు ఫ్లోరైడు అధికము. త్రాగునీటిలో అది లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. బోరునీరు కలియు సంపైనచో ఆ నీటిని తప్పక పరీక్ష చేయింపవలెను. పెరుగు వయస్సు పిల్లల దంతములపై మచ్చలు దీనివలన కలుగవచ్చును.

ఇక సంపును మరల మరుగుపరచరాదు. రెండడుగుల చదరపు ద్వారముంచి, చుట్టును చిన్న కట్ట కట్టి, బిగువైన మూత పెట్టి తాళము వేయవలెను. తాళము పిల్లలు పడకుండుటకు. బిగువు దోమలు చొరకుండుటకు. డెంగ్యూ దోమ నిలువనీటిలో గ్రుడ్డు నుండి వారము పది దినములలోనే ఎగురు దోమ యగును. పొర్లు గొట్టమునకు సన్నని వల కట్టుట మరువరాదు.

నేడు విజయనగర జిల్లాలోనున్న హంపిలో, మట్టిలో పూడిపోయిన మెట్ల కోనేరొకటి 1980ల దశకమున పురావస్తు శాఖవారి త్రవ్వకములలో బయల్పడినది. దాని రాళ్ళపై ఏ రాయి ఏ చోటిదో తెలుపు గుర్తులు చెక్కబడియున్నవి. ఆనాటి పనివారు తమ తరువాత చేయి పెట్టువానికి దారి విడిచిరి. మనమును అంతమాత్రము చేయలేమా? సంపు ఎచ్చటనున్నదో, ఎన్ని లీటర్లు పట్టునో, తుదిసారి ఎన్నడు కడిగితిమో ఒక రేకుపై వ్రాసి గోడకు తగిలింపవలెను. తెలుగునను కన్నడమునను వ్రాసినచో, ఇంటి అవ్వకును, పని చేయవచ్చిన మేస్త్రీకిని సమానముగా ఉపకరించును. మన బిడ్డలు ఆ రెండు లిపులును బడిలో నేర్చుచునే యున్నారు. ఆ రేకును వారిచేతనే వ్రాయింపుడని మా మనవి.