మీకు తెలుసా? ఏసీ గది గాలి, కంటికి కనిపించని వెలుగు

పడకగది గోడకు బిగించిన స్ప్లిట్ ఏసీ బయటి గాలిని ఒక్క గుక్కెడైనా లోపలికి తేదు. గదిలో గాలినే లాగి, చల్లార్చి, మళ్లీ అదే గదిలోకి వదులుతుంది. గోడ దాటి వెళ్లేవి రాగి గొట్టాలు, నీటి పైపు, కరెంటు తీగ, అంతే. బయట ఉన్న పెట్టె పని లోపలి వేడిని బయట పారబోయడం. తలుపులు బిగించి నలుగురు పడుకుంటే తెల్లవారేదాకా ఒకరు వదిలిన ఊపిరే ఇంకొకరు పీలుస్తారు. ఏడాది పొడవునా ఉక్కపోసే సింగపూర్‌లో ఇది చిన్న సంగతి కాదు. ఉష్ణమండల దేశాల ఎదుగుదలకు ఏసీయే దారి వేసిందని ఆ దేశపు తొలి ప్రధాని లీ క్వాన్ యూ బాహాటంగానే చెప్పేవారు.

కిటికీ తీస్తే సరిపోదా అంటారేమో. సింగపూర్‌లో చిక్కంతా అక్కడే ఉంది. ఇండోనేషియాలో అడవులు, కుళ్లిన మొక్కలు పేరుకుపోయిన పీట్ నేలలు తగలబడినప్పుడు ఆ పొగ సముద్రం దాటి వచ్చి ఊరిని కప్పేస్తుంది. అక్కడ దాన్ని 'హేజ్' అంటారు. గాలి కాలుష్య సూచీ 300 దాటితే ప్రమాదకరం. 2013 జూన్ 21న అది 401కి చేరింది. 2015 సెప్టెంబర్ 25న బడులే మూసేశారు. ఆ రోజుల్లో చెప్పే మాట, కిటికీలు మూసుకోండి అని. అయిదేళ్లు తిరక్కముందే కొవిడ్ వచ్చింది, మాట మారింది. గాలి ఆడనివ్వండి, కిటికీలు తెరవండి అన్నారు. రెండు సలహాలూ సరైనవే. పొగ బయటి నుంచి వస్తుంది, వైరస్ పక్కన కూర్చున్న మనిషి నుంచి వస్తుంది. మన హైదరాబాద్‌లో రోడ్డు పక్క ఫ్లాటులో ఉండేవాళ్లకూ ఈ ఇరకాటం కొత్తేమీ కాదు.

గాలిలో వైరస్ తిరుగుతుందని తొలిరోజుల్లోనే పట్టిచ్చిన ఆధారాల్లో ఒకటి సింగపూర్ ఆస్పత్రి గదుల్లో దొరికింది. 2020 మార్చిలో 'జామా' పత్రికలో వచ్చిన చిన్న పరిశోధన అది. కొవిడ్ రోగులు ముగ్గురున్న గదుల్లో మంచాలు, తలుపు పిడులు, స్విచ్చులు తుడిచి పరీక్షించారు. ఇంకా శుభ్రం చేయని ఒక గదిలో 15 చోట్ల చూస్తే 13 చోట్ల వైరస్ ఆనవాళ్లు కనిపించాయి. వాటిలో గాలి బయటికి పోయే దారిలోని ఫ్యాను కూడా ఉంది! ఆ ఫ్యానును రోగి ముట్టుకోడు కదా. గదిలో గాలిని నేరుగా పట్టి చూసినప్పుడు మాత్రం ఏమీ దొరకలేదు. అదే ఏడాది సింగపూర్‌లోనే మరో పరిశోధనలో గాలినే పట్టి చూస్తే, మూడు గదుల్లో రెంటి గాలిలో వైరస్ జన్యుపదార్థం దొరికింది. నా మటుకు నాకు, ఆ ఫ్యాను రెక్కల మీది మరకే అన్నిటికన్నా పెద్ద హెచ్చరికగా తోస్తుంది.

ఇక గాలిలోని క్రిముల్ని చంపే వెలుగు సంగతి. ఎండకు సూక్ష్మక్రిములు చస్తాయని 1877లోనే ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు చూపించారు. వెలుగుతో చర్మక్షయకు వైద్యం చేసినందుకు డెన్మార్క్ డాక్టర్ నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ వచ్చింది. అయితే గాలి మీద ఈ వెలుగు పనిచేస్తుందని నిలబెట్టింది గినీ పందులు. 1950ల చివర అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ బృందం క్షయ వార్డులోని గాలిని గొట్టాల గుండా పైకి పంపింది. పైన బోనుల్లోని గినీ పందులకు ఆ గాలి తప్ప వార్డుతో ఏ సంబంధమూ లేదు. అయినా వాటికి క్షయ సోకింది. దారిలో అతినీలలోహిత దీపం దాటివచ్చిన గాలిని పీల్చిన గినీ పందులకు మాత్రం సోకలేదు. క్షయ గాలి ద్వారా వస్తుందనీ, ఆ గాలిని వెలుగుతో శుద్ధి చేయొచ్చనీ ఒకే ప్రయోగంలో తేలింది.

ఆ దీపంలో కనిపించే నీలికాంతి క్రిముల్ని చంపదు. చంపేది కంటికి కనిపించని యూవీ-సి అనే అతినీలలోహిత కిరణం. మామూలు పాదరసపు దీపంలో దాని తరంగదైర్ఘ్యం 254 నానోమీటర్లు. అది క్రిమి జన్యువులో పక్కపక్కనున్న అణువుల్ని అతికించేస్తుంది. దాంతో ఆ క్రిమి ఇక రెట్టింపు కాలేదు. సూర్యుడిలోనూ ఈ కిరణం ఉంది కానీ పైనున్న ఓజోన్ పొర దాన్ని నేల మీదికి రానివ్వదు. కిటికీ అద్దం కూడా ఆపేస్తుంది. అందుకే ఈ దీపాలకు క్వార్ట్జ్ గాజు వాడతారు.

సింగపూర్ ఈ దీపాన్ని ఎక్కడెక్కడ పెట్టిందో చూడండి. చాంగీ విమానాశ్రయంలో ఎస్కలేటర్ల చేతిపట్టీలకు, ఆ తర్వాత ఏసీ యంత్రాల గదుల్లో. యీషున్‌లోని నార్త్‌పాయింట్ సిటీ మాల్‌లో 2020లో ఒక రోబోకు ఈ దీపాలు కట్టి, జనం వెళ్లిపోయాక తిప్పారు. మనిషి ఎదురైతే అది ఆగిపోవాలి. ఆ జాగ్రత్త ఊరికే పెట్టలేదు. యూవీ-సి సూటిగా పడితే కళ్లు మండుతాయి, చర్మం కాలుతుంది. రక్షణ ఏర్పాట్లు లేని దీపాలు ఇళ్లలో వాడొద్దని అక్కడి పర్యావరణ సంస్థ ఎన్‌ఈఏ హెచ్చరించింది. ఆన్‌లైన్‌లో దొరికే కర్రలాంటి దీపాన్ని పిల్లల మంచం మీద తిప్పే తల్లిదండ్రులు దయచేసి ఆ పని మానండి.

ఈ వెలుగు చేయలేని పనీ ఉంది. పొగను అది ముట్టుకోదు. హేజ్ ధూళినీ, వంటింటి పొగనూ, అగరుబత్తి పొగనూ పట్టాలంటే ఫిల్టరు కావాలి, లేదా అవి పోయే దారి కావాలి. అగరుబత్తి మాట ఎందుకంటే, సింగపూర్‌లోని 61,320 మంది చైనా సంతతివారిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2008లో ఒక సంగతి బయటపెట్టింది. ఇంట్లో దీర్ఘకాలం ధూపం వాడినవారిలో ముక్కు, నోరు, గొంతు భాగాల్లో కొన్ని రకాల క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. మొత్తం మీద ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగినట్టు మాత్రం తేలలేదు. దేవుడి గది కిటికీ తీసి వెలిగిస్తే పూజకు వచ్చిన లోటేమీ లేదు.

చివరగా, చాంగీ మెరుపులకు దూరంగా ఉండే గదులు. మన దేశం నుంచీ బంగ్లాదేశ్ నుంచీ వెళ్లిన కూలీలు ఎక్కువగా ఉండే డార్మిటరీల్లో సుమారు 3,23,000 మంది ఉంటే, 2020 డిసెంబర్ నాటికి వారిలో 47 శాతం మందికి కొవిడ్ సోకి ఉందని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఇరుకు గదుల్లో మంచం మీద మంచం వేసుకుని పడుకునేవారు. ఆ మరుసటి ఏడాది కొత్త డార్మిటరీలకు గదికి 12 మందికి మించకూడదని నిబంధన పెట్టారు. అదే 2021లో గాలి ఆడటం గురించి ప్రభుత్వం ఇచ్చిన సూచనల్లో కిటికీ దగ్గర ఫ్యాను పెట్టి, దాని ముఖం బయటికి తిప్పమన్నది కూడా ఉంది. లోపలి గాలి బయటికి వెళ్తుంది, ఆ చోటులోకి ఇంకో కిటికీ నుంచి కొత్తగాలి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిన రోజున, బయట పొగ లేకపోతే, టేబుల్ ఫ్యానుతోనే ఆ పని చేయొచ్చు.