పెంపుడు తాబేళ్లలో సాధారణ వ్యాధులు: గుర్తింపు, చికిత్స

4.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• తాబేలు ఆరోగ్యానికి, దాని పరిసరాలకు ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ఐదు సాధారణ వ్యాధులను లక్షణాలను బట్టి గుర్తించగలుగుతారు.
• ఇంట్లో చేయదగిన పని ఏదో, పశువైద్యుడికి వదలాల్సింది ఏదో వేరుచేసి చెప్పగలుగుతారు.
• ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు తాబేలు విషయంలో ఏం చేయాలో తెలుసుకుంటారు.

4.1 ప్రస్తావన

కాకినాడ దగ్గరి ఉప్పాడ అనగానే జాందానీ చీరలు, కోతకు గురవుతున్న తీరం గుర్తుకొస్తాయి. ఆ తీరప్రాంతానికి ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటిలో కొన్ని వలల్లో చిక్కి, చనిపోయో కొనఊపిరితోనో ఒడ్డుకు కొట్టుకొస్తాయి. అలాంటి తాబేలును చూసి ఇంటికి తీసుకెళ్లి సాకుదామని కొందరు, వెంటనే నీళ్లలోకి నెట్టేద్దామని కొందరు అనుకుంటారు. రెండూ పొరపాట్లే.

మరోవైపు, పట్టణాల్లో అక్వేరియం దుకాణం నుంచి చిన్న తాబేలును కొని తెచ్చి గాజు తొట్టెలో పెంచేవారున్నారు. అది తిండి మానేస్తే ‘బద్ధకించింది’ అనుకుంటారు. కళ్లు ఉబ్బి మూసుకుపోయాక గానీ అది జబ్బని తెలియదు. తాబేలు తన జబ్బును చాలాకాలం పైకి కనబడనీయదు. మనకు కనిపించేసరికి వ్యాధి బాగా ముదిరి ఉంటుంది. కాబట్టి తొలి గుర్తులను పట్టుకోవడమే ఈ భాగంలో ముఖ్యాంశం.

4.2 ఏ తాబేలును పెంచకూడదు?

ఆలివ్ రిడ్లే, నక్షత్ర తాబేలు, మన చెరువుల్లో, కాలువల్లో ఉండే మెత్తచిప్ప తాబేలు లిస్సెమిస్ పంక్టేటా – ఇవన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన జీవులు. వీటిని పట్టుకోవడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ఎర్రచెవి తాబేలు అమెరికా నుంచి వచ్చిన జాతి. ఈ పాఠంలోని పెంపకం వివరాలు దానికి సంబంధించినవే. పెంచలేక దాన్ని గోదావరి కాలువలోనో చెరువులోనో వదిలితే స్థానిక తాబేళ్ల తిండికి, చోటుకు పోటీ వస్తుంది. కొత్త రోగాలూ వాటికి సోకవచ్చు. అందువల్ల ఎట్టి పరిస్థితిలోనూ బయట వదలకూడదు.

4.3 శరీరధర్మం: జబ్బుకు మూలం ఎక్కడ?

తాబేలు తన శరీరపు వేడిని తానే నిలుపుకోలేదు. పరిసరాల వేడిని బట్టే దాని జీర్ణక్రియ, రోగనిరోధక శక్తి పనిచేస్తాయి. ఎర్రచెవి తాబేలుకు నీరు 24-28 డిగ్రీల సెల్సియస్, ఎండ కాచుకునే పొడి చోటు సుమారు 30-32 డిగ్రీలు ఉండాలి. ఏసీ గదిలోని తొట్టె ఈ వేడిని ఇవ్వలేదు. తిన్నది అరగదు, చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్దదవుతుంది.

రెండో అవసరం ఎండ. చర్మంపై అతినీలలోహిత-బి కిరణాలు పడితే విటమిన్ డి3 తయారవుతుంది. అది ఉంటేనే ఆహారంలోని కాల్షియం ఒంటికి పడుతుంది. కిటికీ అద్దం ఈ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. కాబట్టి అద్దం వెనక పెట్టిన తొట్టెకు వెలుతురు అందినా ఈ ప్రయోజనం అందదు.

4.4 ఐదు సాధారణ వ్యాధులు

4.4.1 కళ్ల వాపు: నెలల తరబడి ఎండు రొయ్యలు మాత్రమే పెట్టడం వల్ల విటమిన్ ఎ లోపం ఏర్పడుతుంది. కనురెప్పలు ఉబ్బి మూసుకుపోతాయి. ఆహారం కనబడక తాబేలు తిండి మానేస్తుంది. క్యారెట్ తురుము, ఎర్ర గుమ్మడి, మునగాకు, అప్పుడప్పుడు ముళ్లతో సహా చిన్న చేపలు ఆహారంలో చేర్చాలి. విటమిన్ ఎ ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం ఊడిపోతుంది కనుక దాన్ని వైద్యుడే నిర్ణయించాలి.

4.4.2 శ్వాసకోశ వ్యాధి: ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, నీటిలో ఒకవైపుకు ఒరిగి తేలడం దీని గుర్తులు. తాబేలుకు మనకున్నటువంటి ఉదరవితానం లేదు. అందువల్ల గట్టిగా దగ్గి ఊపిరితిత్తుల్లోని స్రావాన్ని బయటికి పంపలేదు. న్యుమోనియా ప్రాణం తీయవచ్చు. ఆ రోజే వైద్యుడికి చూపించాలి.

4.4.3 మెత్తబడిన చిప్ప: కాల్షియం, అతినీలలోహిత-బి కిరణాలు చాలకపోతే చిప్ప వేలితో నొక్కితే లొంగుతుంది, వంకర తిరుగుతుంది. నడక తడబడుతుంది. రోజూ కొంతసేపు ఉదయపు ఎండ, పక్కనే నీడ, కాల్షియం ఉన్న ఆహారం అవసరం. ఏర్పడిన వంకర పూర్తిగా సరికాదు. ముదరకుండా మాత్రం ఆపవచ్చు.

4.4.4 చిప్ప కుళ్లు: మురికి నీటిలో ఉండటం, గాయాలు దీనికి కారణాలు. చిప్పపై గుంటలు, దుర్వాసన, కింద ఎర్రని లేదా మెత్తని కణజాలం కనిపిస్తాయి. పలచగా, పారదర్శకంగా పొరలు ఊడటం మాత్రం సహజమైన ఎదుగుదలే. స్వల్పంగా ఉంటే మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, పలుచని టీ రంగు వచ్చేలా నీటితో కలిపిన పోవిడోన్ అయోడిన్ రాసి, రోజూ కొన్ని గంటలు పొడి చోట ఉంచాలి. లోతుగా ఉంటే వైద్యం తప్పనిసరి.

4.4.5 చెవి గడ్డ: తల పక్కన, కంటి వెనక గుండ్రటి వాపు కనిపిస్తుంది. తాబేలు చీము ద్రవంగా ఉండదు, జున్నులా గట్టిపడుతుంది. కాబట్టి మందులతోనే కరగదు. వైద్యుడు కోసి తీయాలి. ఇంట్లో సూదితో గుచ్చడం ప్రమాదకరం. దీని వెనక కూడా తరచు విటమిన్ ఎ లోపమే ఉంటుంది.

4.5 చికిత్సలో పాటించాల్సిన సూత్రాలు

మొదట పరిసరాలను సరిచేయాలి: నీటిని మార్చడం, వేడిని పెంచడం, ఎండ ఇవ్వడం. ఇవి లేకుండా ఇచ్చిన మందు సరిగా పనిచేయదు. వారానికోసారి వంటింటి కాటాపై తూచి బరువు రాసుకోవాలి. కంటికి ఏ మార్పూ కనబడకముందే బరువు తగ్గుదల జబ్బును చెబుతుంది.

మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు వేయకూడదు. పశువులకు పురుగుల మందుగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం. ‘ఆవుకు పనిచేసింది కదా’ అని ఇస్తే తాబేలు పక్షవాతంతో చనిపోతుంది. తాబేళ్లను చూసే వైద్యుడు దగ్గరలో లేకపోతే, గన్నవరంలోని పశువైద్య కళాశాల వంటి చోట విచారించాలి. తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు.

4.6 ఉప్పాడ ఒడ్డున కనిపించిన తాబేలు

రాత్రివేళ తనంతట తాను ఇసుకలోకి పాకి, గుడ్లు పెట్టి తిరిగి వెళ్లే తాబేలుకు జబ్బేమీ లేదు. దీపాలు వేయకుండా దూరంగా ఉంటే చాలు. పగటిపూట కదలకుండా పడి ఉన్నదానికి మాత్రం సాయం కావాలి. దానికి నీడ కల్పించి, తడిబట్టను చిప్పపై కప్పి, ముక్కును, కళ్లను వదిలేయాలి. నీళ్లలోకి నెడితే ఈదే శక్తి లేక మునిగిపోతుంది. వెంటనే అటవీశాఖకు తెలపాలి.

సముద్రపు తాబేలు కూడా ఊపిరితిత్తులతోనే గాలి పీలుస్తుంది. వలలో చాలాసేపు ఇరుక్కుంటే స్పృహ తప్పుతుంది. బోటు మీదికి వచ్చిన అలాంటి తాబేలును చనిపోయిందని విసిరేయకూడదు. బోర్లా ఉంచి, వెనక భాగాన్ని కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తి, నీడలో తడిగా ఉంచాలి. తేరుకోవడానికి 4 గంటల నుంచి 24 గంటల దాకా పట్టవచ్చు.

4.7 సారాంశం

పెంపుడు తాబేళ్ల జబ్బుల్లో చాలావాటికి మూలం వేడి, ఎండ, ఆహారం, నీరు – ఈ నాలుగింటిలోని లోపమే. వీటిని సరిచేయడం పెంచేవారి పని. మందు, కత్తి వైద్యుడి పని. సముద్రపు తాబేలు మాత్రం ఎవరి పెంపుడు జీవీ కాదు. దానికి మనం చేయగలిగింది నీడ, తడి, సమాచారం అందించడం.

4.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

గమనిక: మీ జవాబు రాసుకున్న తర్వాతే కింది సమాధానంతో సరిచూసుకోండి.

ప్రశ్న: ఒక తాబేలు రెండు రోజులుగా ఒరిగి తేలుతోంది, ముక్కులో బుడగలు వస్తున్నాయి. యజమాని నీరు మార్చి ఊరుకున్నాడు. అది సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. ఇవి శ్వాసకోశ వ్యాధి లక్షణాలు. తాబేలును వెచ్చగా ఉంచి, ఆ రోజే వైద్యుడికి చూపించాలి.

4.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. తాబేలు ఆరోగ్యంలో ఉష్ణోగ్రత, ఎండ పాత్రను వివరించండి.
2. చిప్ప కుళ్లుకు, సహజంగా పొరలు ఊడటానికి తేడా రాయండి.
3. వలలో చిక్కి స్పృహ తప్పిన సముద్రపు తాబేలుకు చేయాల్సిన ప్రథమ చికిత్సను వివరించండి.